తడి గోరింట, బండి తాళం

ఎదురుగా అరచెయ్యి చాపి కూర్చున్న ఏ ఆడదాన్నయినా గోరింటమ్మ రఖియా అడిగే మొదటి మాట పువ్వులు కావాలా, తీగలు కావాలా అని కాదు. "ఎలా వచ్చావ్?" అని. నడిచి వచ్చానంటే సరే. టాక్సీలో వచ్చానంటే మరీ మంచిది. బండి మీద వచ్చానంటే మాత్రం, మంత్రిగారి కోడలైనా సరే, తాళం తీసి రఖియా ఏప్రన్ జేబులో వెయ్యాల్సిందే. గోరింట ఆరి, గీకి, పిడికిలి గట్టిగా బిగించి చూపించాకే ఆ తాళం మళ్ళీ బయటికొచ్చేది.

మా మర్రాకెష్‌లో ఆడవాళ్ళు బండెక్కకపోతే ఊరు కదలదు. జెల్లాబా అనే పొడుగు అంగీ అంచు పైకి దోపి, ముందు పిల్లాణ్ణి నిలబెట్టి, వెనక తల్లిని కూర్చోబెట్టి, కాళ్ళ మధ్య గ్యాస్ బండ ఇరికించి, ఒక చేత్తో రొట్టెల పళ్ళెం మోస్తూ దూసుకుపోతారు. ధైర్యానికేం లోటు లేదు. బుద్ధికే అప్పుడప్పుడూ కరువొస్తుంది. డబ్బు పోసి హెల్మెట్ కొంటారు, కొని మోచేతికి తగిలిస్తారు. కూడలిలో పోలీసు కనబడగానే అది నెత్తికెక్కుతుంది, కూడలి దాటగానే మళ్ళీ మోచేతికి దిగుతుంది. అలాంటివాళ్ళు ఎదురైతే రఖియా బండి పక్కకు తెచ్చి మరీ కడిగేస్తుంది. "ఏమ్మా, నీ మెదడు మోచేతిలో ఉందా?"

అన్నిటికంటే ఘోరం గోరింట పిచ్చి. పండగొచ్చినా పెళ్ళొచ్చినా గోరింట లేనిదే మా ఆడవాళ్ళకు గడవదు. పెట్టించుకోవడం బాగానే ఉంది. కానీ అది తడారకముందే చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని బండెక్కుతారే, దాన్నేమనాలి? అరచేతిలో పువ్వు చెదురుతుందని హ్యాండిల్‌ను వేళ్ళ కొసలతో, నిప్పును ముట్టుకున్నట్టు ముట్టుకుంటారు. బ్రేకు నొక్కాల్సి వస్తే ముందు పువ్వు గుర్తొస్తుంది, ఆ తర్వాతే ప్రాణం. ప్రపంచంలో ఇంకెక్కడా చెయ్యని తప్పు ఇది, మాకే చెల్లింది.

రఖియా కూడా ఒకప్పుడు ఆ తానులో గుడ్డే. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో, పండగ ముందురోజు, తన రెండు చేతులకూ తనే గోరింట పెట్టుకుని, సంచులు తొడుక్కుని, మొగుడి బండి మీద పుట్టింటికి బయల్దేరింది. గాడిదబండి ఒకటి అడ్డమొచ్చింది. వేళ్ళ కొసలతో బ్రేకు నొక్కింది. అది ఏ మూలకు? బండి జారి, సరాసరి పుదీనా అమ్మేవాడి తోపుడుబండిలోకి వెళ్ళింది. పుదీనావాడు పుదీనా పోయిందని గుండెలు బాదుకున్నాడు. పరిగెత్తుకొచ్చిన తల్లి "అయ్యో, గోరింట చెదిరిందా?" అని అడిగింది. చెదరలేదు. అదే రఖియాకు ఒళ్ళు మండించింది. అరచేతిలో పువ్వు చెక్కుచెదరలేదు, గడ్డం మాత్రం రెండుగా చీలింది. మందూ మాకూ వేసి కుట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఎవరైనా తాళమివ్వడానికి నసిగితే గడ్డం పైకెత్తి చూపిస్తుంది.

మొగుడు బూజెమా పోయాక ఆమెకు మిగిలినవి రెండే, బండీ గోరింటా. ఆకు తనే నూరేది. నిమ్మరసం, నారింజపూల నీళ్ళు, లవంగాల కషాయం కొలత తప్పకుండా కలిపేది. సూది మొద్దు చేసిన సిరంజిలో నింపి గీత గీసిందంటే చూస్తున్నవాళ్ళు ఊపిరి బిగబట్టాల్సిందే. బయల్దేరేటప్పుడు జెల్లాబా అంచును బట్టల క్లిప్పులతో రెండువైపులా బిగించుకుంటుంది. హెల్మెట్ పట్టీ గడ్డం కింద నొక్కి చూసుకుంటుంది. పేటలో పిల్లలు "ట్రాఫిక్ పోలీసు వస్తోంది!" అని అరిస్తే కోపం రాదు, సెల్యూట్ కొడుతుంది. కొత్తగా దుకాణం పెట్టిన కుర్ర గోరింటమ్మలు తాళాలూ గీళాలూ అడగరు. దాంతో కొందరు అటు వెళ్ళారు. "వెళ్ళనీ" అంది రఖియా. "నా గోరింట పెట్టుకున్నది ఒక్కతైనా ఆసుపత్రికి వెళ్ళిందని చెప్పమను, రేపే సిరంజి విరిచేస్తా." ఆ మాట అనేటప్పుడు ఆమె వెన్ను ఎంత నిటారుగా ఉండేదో చూసితీరాలి.

కూతురు నుహైలాకు బండి నేర్పింది కూడా ఆమే. తెల్లారగట్ల, బస్తీ బయట ఖాళీ జాగాలో. "రోడ్డు మీద అందరూ గుడ్డివాళ్ళే అనుకో. కళ్ళున్నది నీకొక్కదానికే. వాళ్ళ కోసం కూడా నువ్వే చూడాలి" అని చెప్పేది. నుహైలా చదువుకుంది, ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో ఉద్యోగం తెచ్చుకుంది, ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు రోజూ బండి మీదే వెళ్ళొస్తోంది. అక్కడే జవాద్ అనే కుర్రాడు నచ్చాడు. మంచివాడు. వాళ్ళమ్మ బతూల్ మాత్రం మాటకు మాట అప్పజెప్పే మనిషి. మాసీరా పేటలో ఆమె పేరు చెబితే కూరగాయలవాళ్ళు తూకం సరిచూసుకుంటారట.

పెళ్ళికి ముందురోజు గోరింట వేడుక. రఖియా ఇల్లు ఇసకేస్తే రాలనట్టుంది. వాకిట్లో బండ్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. ఆకుపచ్చ కఫ్తాన్ అంగీలో నుహైలా దిండ్ల మధ్య కూర్చుంది, రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని. ఆ చేతుల్లో ఇంకా ఏమీ లేదు. ఉండకూడదు కూడా. ముందు వరుడి తల్లికి రెండు చేతులా గోరింట పెట్టాలి, ఆమె అరచేతిలోంచి కాస్త తీసి కోడలి అరచేతిలో మొదటి ముద్ద పెట్టాలి. అది జరిగేదాకా పెళ్ళికూతురి చెయ్యి ఎవరూ ముట్టుకోరు. వరుడి ఇంటివాళ్ళ ఆనవాయితీ అది. జరగలేదంటే, అత్తగారు ఆ పిల్లను కాదన్నట్టే లెక్క.

మధ్యాహ్నం వాలుతుండగా బతూల్ వచ్చింది. తన బండి మీద తనే, చక్కెర దిమ్మలూ ఖర్జూరాలూ వెనక కట్టుకుని. హెల్మెట్ పెట్టుకుంది, పట్టీ కూడా బిగించింది. రఖియా మనసు చల్లబడింది. వియ్యపురాళ్ళిద్దరూ బుగ్గలు ఆనించుకున్నారు. బతూల్ దిండు మీద కూర్చుని రెండు చేతులూ చాపింది.

"కానివ్వండి వదినగారూ, త్వరగా. పొద్దు గూకేలోపు నేను ఇంట్లో ఉండాలి."

రఖియా సిరంజి అందుకోబోయి ఆగింది. "పొద్దు గూకేలోపా? గోరింట ఆరొద్దూ? రాత్రి భోంచేసి వెళ్దురుగాని."

"కుదరదు. పనుంది."

"అయితే తాళం ఇటివ్వండి, టాక్సీ పిలిపిస్తాను. బండి రేపు మావాళ్ళు తెచ్చి అప్పజెబుతారు."

బతూల్ నవ్వింది. "ఓహో, నేనూ ఇవ్వాలా? విన్నాను మీ సంగతి. నా బండి పరాయి వాకిట్లో రాత్రి ఉండదు వదినగారూ. దాని మీదొచ్చా, దాని మీదే వెళ్తా. ముప్పై ఏళ్ళుగా తోలుతున్నా, ఒక్క గీత పడలేదు."

"తడి చేతులతో తోలారా ముప్పై ఏళ్ళూ?"

"సంచులు తొడుక్కుంటా. ఊరంతా చేసేదేగా!"

టీ గ్లాసులు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఉండిపోయారు. రఖియా అక్క యెజ్జా వెనకనుంచి చెల్లెలి వీపు మీద గిల్లింది. "పెట్టవే తల్లీ, పెట్టు. ఇవాళ నీ పోలీసు వేషాలు మానుకో."

నుహైలా ముందుకు వంగి గుసగుసగా అంది. "అమ్మా, ఈ ఒక్కసారికి వదిలెయ్యమ్మా. నీకు దణ్ణం పెడతా."

రఖియా కూతురి మొహం చూసింది, ఒళ్ళో ఉన్న ఖాళీ చేతులు చూసింది. ఒక్క గీత గీస్తే చాలు, అందరూ నవ్వుతారు, పాటలు మొదలవుతాయి. గీయకపోతే? కూతురి పెళ్ళి నోరారా చెప్పుకునే పెళ్ళి కాకుండా పోతుంది. రేపు అత్తింట్లో అడుగుపెట్టగానే మొదటి దెప్పు ఇదే. అంతా తెలుసు. తెలిసి కూడా చెయ్యి కదల్లేదు. ఆ చాపిన చేతుల వెనక ఆమెకు మాసీరా దారి కనబడింది, సాయంత్రపు రద్దీ కనబడింది, వేళ్ళ కొసలతో నొక్కిన బ్రేకు కనబడింది.

సిరంజి పళ్ళెంలో పెట్టేసింది. "క్షమించాలి వదినగారూ. తాళం ఇస్తేనే పెడతాను."

బతూల్ మొహం జేవురించింది. చాపిన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది. "నన్ను? నలుగురిలో? వాకిట్లో బండి పెట్టిన కుర్రపిల్లల్లో జమకట్టారా నన్ను?" అంది. లేచింది. హెల్మెట్ పెట్టుకుని, ఇంకో మాట లేకుండా వెళ్ళిపోయింది. బయట బండి గుర్రుమని, వీధి మలుపు తిరిగి, వినబడకుండా పోయింది.

ఆ తర్వాత ఇంట్లో జరిగిన రాద్ధాంతం చెప్పనలవి కాదు. "ఓసి నీ మొండితనం తగలెయ్యా! బిడ్డ గొంతు కోశావు కదే" అని యెజ్జా నెత్తి కొట్టుకుంది. ఇద్దరు ముగ్గురు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. నుహైలా ఏడవలేదు. అదే రఖియాను ఎక్కువ కోసింది. ఆ పిల్ల ఖాళీ అరచేతుల్ని తిరగేసి మోకాళ్ళ మీద బోర్లించుకుంది.

రఖియా లేచింది. గోరింట గిన్నెకు గుడ్డ కట్టింది, సిరంజి చుట్టి బుట్టలో పెట్టింది, జెల్లాబా అంచుకు క్లిప్పులు బిగించింది. "ఎవరూ కదలొద్దు. టీ పొయ్యండి వాళ్ళకు" అని యెజ్జాకు చెప్పి బండి తీసింది.

మాసీరాలో బతూల్ తలుపు తీసేసరికి చేతిలో సూపు గిన్నె ఉంది. చూసింది, తలుపు వెయ్యనూ లేదు, లోపలికి రమ్మననూ లేదు. నడవలో ఆమె బండి గోడకు ఆనించి ఉంది.

"ఇంకేం మిగిలింది? ఇంటికొచ్చి కూడా కాదని చెప్పాలా?" అంది.

"పెడదామని వచ్చాను. ఇప్పుడు మీరు ఇల్లు చేరారు కదా, ఇంకెక్కడికీ వెళ్ళరు కదా. చేతులు చాపండి."

లోపల గదిలోంచి సన్నటి గొంతు వినిపించింది. "ఎవరే బతూల్?"

"మీ మనవడి అత్తగారు. నలుగురిలో నా పరువు తీసి, ఇప్పుడు గోరింట పట్టుకొచ్చింది."

"తెస్తే తెచ్చింది. నాక్కూడా పెట్టమను!"

రఖియా ఆ గొంతు వచ్చిన గదిలోకి నడిచింది, చూడగానే బతూల్ తొందర ఎందుకో అర్థమైంది. కిటికీ పక్క మంచం మీద పిడికెడంత ముసలావిడ, బతూల్ అత్తగారు హాజ్జా మీనా, వీపు కింద దిండ్లతో కూర్చుని ఉంది. ఒక పక్క చచ్చుబడిపోయింది. నోటి పక్కన సూపు చార ఇంకా తుడవలేదు.

"ఈవిడ నా చేత్తో తప్ప ఇంకెవరు పెట్టినా తినదు" అంది బతూల్, గిన్నె వైపు చూస్తూ. "పొద్దు గూకాక అసలే ముట్టదు. అందుకే వెళ్ళాలన్నా."

"ఆ ముక్క అక్కడే చెప్పొచ్చుగా?"

"చెబితే అందరూ అయ్యో పాపం అంటారు. నాకు గిట్టదు."

రఖియా మంచం పట్టె మీద కూర్చుంది. కోపం ఎక్కడికో పోయింది. "వదినగారూ, ఇంకెవరైనా అయితే బతిమాలి, బామాలి, ఎలాగో ఒప్పించేదాన్ని. మీతో అంత కటువుగా ఎందుకన్నానో తెలుసా? భయమేసింది. రేపు నా కూతురికి పిల్లలు పుడితే నాయనమ్మ కావాలి. నేనొక్కదాన్నే అందర్నీ ఎత్తుకోలేను. మీరు ఉండాలి, రెండు చేతులతో ఉండాలి."

బతూల్ గిన్నెలో చెంచా తిప్పింది. తర్వాత గిన్నె బల్ల మీద పెట్టి, అంగీ అంచుకు చేతులు తుడుచుకుని, చాపింది.

రఖియా సిరంజి తీసింది. తీసి, మళ్ళీ ఆగింది.

"తాళం."

"నేను మా ఇంట్లో ఉన్నానమ్మా!"

"ఉప్పు అయిపోయిందని కొట్టుకు వెళ్ళరని నమ్మకమేంటి?"

ముందు నవ్వింది ముసలావిడ. మంచం కిరకిరలాడేలా నవ్వింది. బతూల్ పెదాలు బిగబట్టి చూసింది, ఆగలేకపోయింది, ఆమె కూడా ఫక్కున నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ గోడ మేకుకు వేలాడుతున్న తాళం తెచ్చి రఖియా జేబులో పడేసింది. "తీసుకో మహాతల్లీ, తీసుకో. నీతో ఎవరు పడతారు!"

అరచేతుల నిండా గోరింట పెట్టేసరికి బతూల్ రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకుని కదలకుండా కూర్చుంది. సూపు సగమే అయింది. రఖియా గిన్నె తీసుకుని చెంచా ముసలావిడ నోటి దగ్గర పెట్టింది. హాజ్జా మీనా అనుమానంగా చూసింది, వాసన చూసింది, నోరు తెరిచింది. ఒక్కో గుటకా దిగుతుంటే బతూల్ మొహం మారిపోయింది.

"తింటోంది" అంది మెల్లగా. "ఈవిడ మంచాన పడ్డాక ఇదే మొదటిసారి నేను ఊరికే కూర్చోవడం."

రఖియా బుట్టలో ఫోను మోగింది. యెజ్జా. "ఎక్కడ చచ్చావే? జనం వెళ్ళిపోతామంటున్నారు!" అని అరుస్తోంది.

"ఇటివ్వు. నా నోటి దగ్గర పెట్టు" అంది బతూల్. ముసలావిడ తను పట్టుకుంటానని పంతం పట్టింది. ఆడే చేతిలో ఫోను వణుకుతుంటే బతూల్ దాని వెంట మొహం తిప్పుతూ మాట్లాడింది. "యెజ్జా వదినా, అందరికీ వినబడేలా పెట్టు. పెట్టావా? వినండి. నేను రాలేను. నా చేతులు రెండూ తడి. నా తాళం మీ రఖియా జేబులో ఉంది, మా ఇంట్లో ఉండి కూడా లాక్కుంది నా దగ్గర. నాతో కాదు అనగలిగిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కతే ఉంది, ఆవిడ నాకు వియ్యపురాలు. నా కోడలికి మొదటి ముద్ద నా బదులు ఆవిడే పెడుతుంది. ఆ చెయ్యి నా చెయ్యే. ఎవరైనా నోరు పారేసుకుంటే రేపొచ్చి నేను చెబుతా."

ఫోనులోంచి ఆడవాళ్ళు ఒక్కసారిగా పెట్టిన సంబరపు కేకలకు ముసలావిడ ఉలిక్కిపడి ఫోను దిండు మీద పడేసింది.

రఖియా, బతూల్ అరచేతి అంచు నుంచి చిటికెడు గోరింట చిన్న గిన్నెలోకి తీసుకుంది. తాళం ముసలావిడ దిండు కింద పెట్టి, "ఆరేదాకా ఇవ్వకండి" అని చెప్పింది. హాజ్జా మీనా తలగడ మీద మోచెయ్యి వేసి, కాపలావాడిలా కూర్చుంది.

తిరిగి వస్తుంటే పొద్దు వాలుతోంది. రోడ్డంతా ఇళ్ళకు పరుగులు తీస్తోంది. కూతురు ఎదురుచూస్తోంది, ఇంటినిండా జనం ఎదురుచూస్తున్నారు, బండికి రెక్కలుంటే బాగుండుననిపించింది. అయినా రఖియా ప్రతి మలుపులో నెమ్మదించింది, ప్రతి గుర్తు దగ్గరా ఆగింది, వెనకనుంచి హారన్ కొట్టినవాణ్ణి ముందుకు పొమ్మని చేత్తో సైగ చేసింది.

ఇంట్లోకి అడుగుపెట్టగానే దారి ఇచ్చారు అందరూ. యెజ్జా మాత్రం "ఆ, వచ్చావా" అని మొహం తిప్పుకుంది, తిప్పుకుని కళ్ళొత్తుకుంది. రఖియా కూతురి ముందు కూర్చుని, చిన్న గిన్నెలోంచి ముద్ద తీసి ఆ అరచేతి మధ్యలో పెట్టింది. కేకలతో ఇంటి కప్పు లేచిపోయింది. తర్వాత సిరంజి తీసుకుని వేళ్ళ వైపు గీత లాగింది.

నుహైలా చూపుడువేలు, నడిమివేలు లోపలి కణుపుల మీద చర్మం గట్టిపడి కాయలు కాసి ఉంది. బ్రేకు మీదనుంచి ఎప్పుడూ తియ్యని రెండు వేళ్ళు. నుహైలా సిగ్గుపడి వేళ్ళు ముడుచుకోబోయింది. "అమ్మా, రేపు అందరూ చూస్తారు. అవి కనబడకుండా పైన పువ్వులు వెయ్యవూ?"

రఖియా ఆ రెండు వేళ్ళనూ తెరిచి, పెదాలకు ఆనించుకుంది.

"వెయ్యను" అంది. "రోజూ సాయంత్రం నిన్ను నాకు తెచ్చిచ్చినవి ఇవే. చూస్తే చూడనీ."

కాయల చుట్టూ తీగ తిప్పి, వాటిని అలాగే వదిలేసి, పక్క వేలు అందుకుంది.